తడి వైపు, పొడి వైపు: బ్రూ కెటిల్‌కి కరెంటు ఎలిమెంట్ అమర్చడం

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమందికి గ్యాస్ మంట మీద వోర్ట్, అంటే బీరుగా పులియబెట్టే మాల్ట్ రసం, కాచడం వచ్చుననే అనుకుని మొదలుపెడుతున్నాను. మాష్ (వేడినీళ్లలో నానబెట్టే మాల్ట్ నూక) ఎలా కలపాలి, చేదు కోసం వేసే హాప్స్ పువ్వులు ఎప్పుడు వెయ్యాలి అన్న సంగతుల్లోకి వెళ్లను. ఇవాళ్టి విషయం ఒక్కటే. స్టీలు కెటిల్ గోడకు బెజ్జం పెట్టి, అందులో కరెంటు ఎలిమెంట్ బిగించి, దాన్ని ఏళ్ల తరబడి భయం లేకుండా వాడుకోవడం ఎలా?

ఎలిమెంట్‌కి రెండు వైపులుంటాయి. వోర్ట్‌లో మునిగి ఉండేది తడి వైపు. వైర్లు తగిలించేది పొడి వైపు. ఈ పనిలో ఎదురయ్యే తిప్పలన్నీ దాదాపు రెండు రకాలే: తడి వైపు వోర్ట్ మాడడం, లేదంటే తడి గోడ దాటి పొడి వైపుకు రావడం. ఏ పార్టు కొనాలన్నా, ఎక్కడ బెజ్జం పెట్టాలన్నా ఈ రెండు ప్రశ్నలూ వేసుకోండి. ఇది వోర్ట్‌ని మాడుస్తుందా? ఇది తడిని ఆపుతుందా?

ముందు ఎన్ని వాట్లు కావాలో తేల్చుకుందాం. దీనికి ఊహలు అక్కర్లేదు, చిన్న లెక్క ఉంది. లీటర్లను, పెంచాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే ఎన్ని యూనిట్ల కరెంటు కావాలో వస్తుంది. 30 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 68 డిగ్రీలకు తేవాలనుకోండి. 30 ఇంటూ 48, భాగించు 860. అంటే 1.67 యూనిట్లు. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌తో అది 50 నిమిషాల పని. 3 కిలోవాట్లతో 33 నిమిషాలు, 5 కిలోవాట్లతో 20 నిమిషాలు. కెటిల్ గోడల నుంచి పోయే వేడికి దీని మీద పదో వంతు కలుపుకోండి. మాష్ అయ్యాక అదే 30 లీటర్లను 67 నుంచి మరుగు దాకా తేవడానికి ఇంకో 1.15 యూనిట్లు.

కానీ వేడెక్కడానికి పట్టే సమయం కన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. అది మరుగును నిలబెట్టడానికి కావాల్సిన వాట్లు. లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 0.63 యూనిట్లు పడుతుంది. గంటకు 3 లీటర్లు ఆవిరి కావాలంటే, ఆవిరికే 1.9 కిలోవాట్లు పోతాయి. గోడల నుంచి పోయే వేడి మరికొన్ని వందల వాట్లు. అందుకే 30 లీటర్లకు 2 కిలోవాట్ల ఎలిమెంట్ పెట్టినవాళ్లకి మూత సగం వేస్తే గానీ మరుగు రాదు. కెటిల్‌కి వెలుపల ఇన్సులేషన్ చుడితే కొంత సాయం. 30 లీటర్ల బ్యాచ్‌కి 3 నుంచి 3.5 కిలోవాట్లు హాయిగా సరిపోతాయి. 50 లీటర్లకి 5, 5.5 కిలోవాట్ల దాకా వెళ్లొచ్చు. అంతకు మించి కావాలంటే ఇంట్లో లైను ఇవ్వగలదా అన్నది ముందు చూసుకోవాలి.

ఎలిమెంట్ మీద రాసిన వాట్లు ఏ వోల్టేజికి రాశారో కూడా చూడండి. వోల్టేజి తగ్గితే వాట్లు దాని వర్గం లెక్కన తగ్గుతాయి. 240 వోల్టులకు 5500 వాట్లని రాసిన ఎలిమెంట్ 230 వోల్టుల మీద 5050 వాట్లే ఇస్తుంది. 120 వోల్టుల మీద 1375 మాత్రమే. ఇలా తక్కువ వోల్టేజి మీద వాడితే నష్టం లేదు, నింపాదిగా పనిచేస్తుంది. తిరగేసి చేస్తే మాత్రం, అంటే 120 వోల్టుల ఎలిమెంట్‌ని 240కి తగిలిస్తే, నాలుగు రెట్ల వాట్లు లాగి కాలిపోతుంది. అనుమానముంటే మల్టీమీటర్‌తో ఓములు కొలవండి. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే రావాల్సిన ఓములు వస్తాయి. 230 వోల్టుల 3000 వాట్ల ఎలిమెంట్‌కి 17.6 ఓములు. 240 వోల్టుల 5500 వాట్లదానికి 10.5. కొన్న రోజునే కొలిచి కాగితం మీద రాసి పెట్టుకుంటే, తరవాత ఎప్పుడు అనుమానం వచ్చినా పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఎన్ని వాట్లు అన్నదానికన్నా, ఆ వాట్లు ఎంత వైశాల్యం మీద పరుచుకున్నాయన్నది ముఖ్యం. దీన్ని వాట్ డెన్సిటీ అంటారు. పాలు సన్నటి గిన్నెలో పెద్ద మంట మీద అడుగంటుతాయి, వెడల్పు గిన్నెలో అదే మంట మీద అడుగంటవు కదా, సంగతి అదే. నీళ్ల హీటర్ల కోసం చేసిన మామూలు ఎలిమెంట్లలో చదరపు సెంటీమీటరుకు 23 వాట్ల దాకా ఉంటుంది. ఉత్త నీళ్లకు అది చాలు. వోర్ట్‌లో చక్కెరలు, ప్రోటీన్లు, పిండి నలకలు ఉంటాయి. అవి ఎలిమెంట్ పైనుండే లోహపు తొడుగు మీద పట్టుకుని నల్లబడతాయి. నల్లటి పొర పడ్డాక వేడి బయటికి రాదు, తొడుగు ఇంకా వేడెక్కుతుంది, ఇంకా మాడుతుంది. ఒకసారి మొదలైన మాడు తనను తానే పెంచుకుంటుంది. బీరులో కాలిన వాసన, సిగరెట్ బూడిద లాంటి చేదు వస్తుంది. అది పులిసినా పోదు, నిలవ ఉంచినా పోదు.

కాబట్టి వోర్ట్ కాచే కెటిల్‌కి చదరపు సెంటీమీటరుకు 8 వాట్లు లేదా అంతకన్నా తక్కువ ఉన్నవే తీసుకోండి. వీటిని అల్ట్రా లో డెన్సిటీ ఎలిమెంట్లు అని అమ్ముతారు. అమ్మేవాళ్లు చెప్పకపోతే మీరే లెక్క వేసుకోండి. గొట్టం వ్యాసం 8 మిల్లీమీటర్లు, పొడవు 150 సెంటీమీటర్లు అనుకుందాం. 0.8 ఇంటూ 3.14 ఇంటూ 150, అంటే 377 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 3000 వాట్లు పెడితే 8 వాట్లు పడుతుంది. సరిపోయింది. పొడవు కొలిచేటప్పుడు ఒంపులన్నీ కలిపి, దారం పెట్టి కొలవాలి. తల, అంటే గోడకు బిగించే మర ఉన్న చివర, దగ్గర కొన్ని సెంటీమీటర్ల మేర వేడెక్కని భాగం ఉంటుంది, అది తీసెయ్యాలి. మాష్‌కి నీళ్లు మాత్రమే కాచే వేరే కెటిల్ ఉంటే అందులో 12 వాట్లైనా, 23 అయినా ఇబ్బంది లేదు. ఖరీదైన ఎలిమెంట్‌ని వోర్ట్ కెటిల్‌కి ఉంచి, చవకది నీళ్లకి పెట్టుకోండి.

తొడుగు లోహం సంగతి. ఇన్‌కలాయ్ (నికెల్ కలిసిన మిశ్రమ లోహం), లేదా 304, 316 రకం స్టెయిన్‌లెస్ తీసుకోండి. రాగి తొడుగు మీద తగరపు పూత వేసినవి చవకగా దొరుకుతాయి గానీ వోర్ట్ ఆమ్లత్వానికి పూత నిలవదు. చాలామంది చూడనిది తల. వేడెక్కే గొట్టం ఇన్‌కలాయ్‌ది అయినా, మర ఉండే తల జింకు పూత వేసిన మామూలు ఇనుముదై ఉంటుంది. నీళ్ల హీటరు టాంకులో అది తుప్పు పట్టకుండా చూడటానికి మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, తనే కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. కెటిల్‌లో ఆ కడ్డీ లేదు. పైగా స్టెయిన్‌లెస్ గోడకు తగిలి, తడిలో ఉన్న ఇనుము ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. కొద్ది బ్యాచ్‌లకే తల చుట్టూ ఎర్రటి మరక కనిపిస్తుంది. తల కూడా స్టెయిన్‌లెస్ అయినదే అడిగి కొనండి. అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అతుక్కుంటే ఇనుమే.

ఎక్కడ పెట్టాలి? వేడి చేసే గొట్టం ఎప్పుడూ, అంటే కాచడం అయిపోయే సమయంలో కూడా, పూర్తిగా మునిగి ఉండాలి. బెజ్జం మధ్య బిందువు కెటిల్ అడుగు నుంచి 50 నుంచి 75 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే బాగుంటుంది. మరీ కిందికి తెస్తే అడుగున గోడ ఒంపు తిరిగే చోట తల కూర్చోదు. మరీ పైకి పెడితే చిన్న బ్యాచ్ చేసినప్పుడు ఎలిమెంట్ బయటపడుతుంది. ఎలిమెంట్ లోపలికి చొచ్చుకొచ్చే పొడవు కెటిల్ లోపలి వ్యాసం కన్నా కనీసం 25 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఎదుటి గోడకి తగలకూడదు. ఔట్‌లెట్ వాల్వుకి పక్కగా, 90 డిగ్రీల దూరంలో పెడితే, వోర్ట్‌ని వాల్వులోకి లాగే లోపలి పికప్ గొట్టం అడ్డు రాదు. పక్కనే చిల్లుల పళ్లెం లేదా ధాన్యపు సంచి ఉంటే, అది ఎలిమెంట్ మీద వాలకుండా మధ్యలో ఖాళీ ఉంచాలి. సంచి ఎలిమెంట్‌కి తగిలితే అక్కడే కరుగుతుంది. బెజ్జం పెట్టకముందే వాల్వు, పికప్ గొట్టం, పళ్లెం, ఎలిమెంట్ అన్నీ కెటిల్‌లో పెట్టి చూసుకోండి. తరవాత బెజ్జాన్ని జరపలేం.

మరల కొలతల విషయంలో ఒక్క క్షణం ఆగాలి. ఒక అంగుళం మర అని రాసి ఉంటుంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే 33 మిల్లీమీటర్లు వస్తుంది. పైపుల కొలత లెక్క వేరు, బయటి వ్యాసం కాదు. ఒకటింపావు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) మర 42 మిల్లీమీటర్లు. కాబట్టి పేరు చూసి డ్రిల్ చెయ్యొద్దు, వెర్నియర్ చూసి చెయ్యండి. మర వ్యాసం కన్నా అర మిల్లీమీటరు ఎక్కువ బెజ్జం చాలు. ఇంకో ఇబ్బంది: ఉత్తర అమెరికాలో వాడే ఎన్‌పీఎస్ మర అంగుళానికి 11.5 చుట్లు, మిగతా చోట్ల వాడే బీఎస్‌పీ 11 చుట్లు. ఒకదాని నట్ ఇంకోదానికి రెండు మూడు చుట్లు బాగానే తిరుగుతుంది. అక్కడ బిగుసుకుంటుంది. బలం పెడితే మర పోతుంది. నట్ కూడా ఎలిమెంట్ అమ్మిన చోటే కొనడం మేలు. ఏటవాలు మర ఉన్న నట్ వద్దు, అది గోడని తాకకముందే పట్టేస్తుంది.

ఇక బెజ్జం. స్టెయిన్‌లెస్‌ని డ్రిల్ చెయ్యడంలో అందరూ చేసే తప్పు వేగం. 304 స్టీలు రాపిడికి గట్టిపడే రకం. డ్రిల్ వేగంగా తిప్పుతూ మెల్లగా ఒత్తితే, కోత పడకుండా ఒరుసుకుని, ఆ చోట అద్దంలా మెరుస్తూ గట్టిపడిపోతుంది. ఆ తరవాత ఏ బిట్టూ దిగదు. పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు: తక్కువ వేగం, ఎక్కువ ఒత్తిడి, ఆగకుండా కటింగ్ ఆయిల్. ముందు సెంటర్ పంచ్‌తో గుర్తు, ఆ తరవాత 3 మిల్లీమీటర్ల కోబాల్ట్ బిట్‌తో చిన్న బెజ్జం. దాన్ని స్టెప్ డ్రిల్‌తో, అంటే మెట్లు మెట్లుగా లావయ్యే బిట్‌తో, పెద్దది చెయ్యండి. స్టెప్ డ్రిల్ పెద్ద మెట్లకు వచ్చేసరికి నిమిషానికి 100, 150 చుట్లు మించకూడదు. పొట్టు పొడవుగా, మెలికలు తిరిగి వస్తుంటే బాగా కోస్తున్నట్టు. పొడిలా వస్తుంటే లేదా పొగ వస్తుంటే ఆపి, నూనె వేసి, ఒత్తిడి పెంచండి. లోపలి వైపు ఎవరైనా చెక్క దిమ్మె ఆనించి పట్టుకుంటే గోడ లోపలికి వంగదు. బోల్టు తిప్పి కోసే నాకౌట్ పంచ్ దొరికితే అన్నిటికన్నా అదే శుభ్రమైన దారి. బెజ్జం గుండ్రంగా వస్తుంది, అంచు చదునుగా ఉంటుంది. చివరి అర మిల్లీమీటరు ఆకురాయితో తీయండి. లోపలా బయటా అంచుని ఎమరీ కాగితంతో నున్నగా చెయ్యండి. గ్యాస్కెట్‌ని కోసేది ఆ అంచే. పని అయ్యాక నూనె, పొట్టు అంతా వేడి సబ్బునీళ్లతో కడగాలి. పొట్టులో మామూలు ఇనుము కలిస్తే తరవాత కెటిల్ మీద చుక్కల్లా తుప్పు తేలుతుంది.

ఇప్పుడు గోడ. కెటిల్ గోడ గుండ్రం, ఎలిమెంట్ తల చదును. 350 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కెటిల్‌కి 45 మిల్లీమీటర్ల వెడల్పు తల ఆనిస్తే, రెండు పక్కల అంచుల దగ్గర దాదాపు 1.4 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. 3 మిల్లీమీటర్ల సిలికాన్ గ్యాస్కెట్ నలిగేది ఒక మిల్లీమీటరు లోపే. కాబట్టి గ్యాస్కెట్ ఒక్కటే ఆ ఎడాన్ని మూయలేదు. బెజ్జం చుట్టూ గోడని కొంచెం చదును చెయ్యాలి. పలుచని గోడైతే, రెండు మందపాటి చదును వాషర్ల మధ్య గోడని పెట్టి, బోల్టుతో మెల్లమెల్లగా బిగిస్తే చదునవుతుంది. మందం ఎక్కువైతే లోపల చెక్క దిమ్మె పెట్టి బయటి నుంచి ఇంకో చెక్క మీద సుత్తితో తట్టాలి. లీకయ్యే కెటిళ్లలో చాలావాటికి కారణం ఈ చదును చెయ్యకపోవడమే. గ్యాస్కెట్ మార్చి, ఇంకా బిగించి, మళ్లీ మార్చి విసిగిపోతారు.

గ్యాస్కెట్ ఏ వైపు ఉండాలి, లోపలా బయటా? నీరు ఏ దారిన వస్తుందో ఆలోచించండి. నట్ లోపల, ఎలిమెంట్ తల బయట. నట్ కింద లోపలి వైపు చదును గ్యాస్కెట్ పెడితే గోడకీ నట్‌కీ మధ్య దారి మూసుకుంటుంది. కానీ నట్‌కీ మరకీ మధ్య దారి తెరిచే ఉంటుంది, వోర్ట్ ఆ మర వెంట తిరుగుతూ బయటికి వస్తుంది. అదే గ్యాస్కెట్‌ని బయటి వైపు, తలకీ గోడకీ మధ్య పెడితే రెండు దారులూ అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే తల, మర ఒకటే ముక్క. కాబట్టి బయట పెట్టండి. గుండ్రటి ఓ-రింగ్ వాడితే అది బిగించినప్పుడు పక్కలకి జారకుండా గాడి ఉన్న వాషర్ కావాలి. లోపలే పెట్టాలనుకుంటే గాడి ఉన్న నట్‌తో ఓ-రింగ్ వాడాలి, అప్పుడది గోడనీ మరనీ రెండింటినీ ఒత్తి పడుతుంది. సీలింగ్ ఓ-రింగ్ చేసే పని, మర చేసే పని కాదు, కనుక టెఫ్లాన్ టేపు చుట్టి లీకు ఆపాలని చూడొద్దు. గ్యాస్కెట్ సిలికాన్‌ది తీసుకోండి. నీళ్ల హీటరుతో వచ్చే నల్ల రబ్బరు మరుగు వేడికి త్వరగా గట్టిపడుతుంది. చేత్తో పూర్తిగా బిగించి, ఆ పైన స్పానర్‌తో పావు చుట్టు. అంతకు మించితే సిలికాన్ నలిగి పక్కకి పొంగుతుంది. మొదటి మరుగు తరవాత, చల్లారాక, ఇంకొక్కసారి సరిచూడండి.

నట్ పద్ధతి కాకుండా ట్రై-క్లాంప్ అని ఇంకోటి ఉంది. గోడకి ఫెర్రూల్‌ని, అంటే అంచు ఉన్న పొట్టి గొట్టాన్ని, వెల్డింగ్‌తోనో సిల్వర్ సోల్డర్‌తోనో అతికించి, ఎలిమెంట్‌ని క్లాంపుతో పట్టిస్తారు. నాకు అడిగితే, మళ్లీ మళ్లీ కాచేవాళ్లకి ఇదే సరైనది. అర నిమిషంలో ఎలిమెంట్ బయటికి వస్తుంది, కళ్లతో చూసి తోమవచ్చు. ఒకటిన్నర అంగుళం క్లాంపుకి అంచు 50.5 మిల్లీమీటర్లు, రెండంగుళాలదానికి 64. ఒంపులు ఎక్కువున్న ఎలిమెంట్ ఆ బెజ్జంలోంచి దూరుతుందో లేదో ముందే చూసుకోండి. సోల్డర్ సీసం, కాడ్మియం లేనిదై ఉండాలి. 96 పాళ్లు తగరం, 4 పాళ్లు వెండి ఉన్నది 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అవతల నీళ్లున్నంతసేపు ఆ అతుకు దరిదాపులకి వేడి రాదు. స్టెయిన్‌లెస్‌కి పనికొచ్చే ఆమ్లపు ఫ్లక్స్ వాడి, అయ్యాక బాగా కడగాలి.

ఇక పొడి వైపుకు వస్తాను. ఇక్కడ తొందర పడకండి.

మొదట ఎర్త్. బిగించి మరిచిపోయే టాంకులో కాదు, చేత్తో ముట్టుకునే, గరిటె పెట్టే కెటిల్‌లో కరెంటు పెడుతున్నాం. ఎలిమెంట్ లోపల నైక్రోమ్ తీగ ఉంటుంది. దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, దాని మీద లోహపు తొడుగు. తొడుగు చిట్లిన రోజు కరెంటు నేరుగా వోర్ట్‌లోకి, కెటిల్‌కి వస్తుంది. ఆ రోజు దానికి ఎర్త్ దారి ఉండాలి. ఎలిమెంట్ తల ద్వారా ఎలాగూ తగులుతుంది కదా అని వదలకండి. గ్యాస్కెట్ మధ్యలో ఉంది. ఎర్త్ వైరుకి రింగు లగ్గు క్రింప్ చేసి, తల మీద ఎర్త్ బోల్టు ఉంటే దానికి, లేకపోతే కెటిల్‌కి విడిగా పెట్టిన బోల్టుకి, పళ్ల వాషర్ వేసి బిగించండి. ఆపైన కొలవండి: ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి కెటిల్ లోపలి గోడకి, మీటరు తీగల సొంత ఓములు తీసేశాక, అర ఓము కన్నా తక్కువ రావాలి.

రెండోది ఆర్‌సిడి, అంటే కరెంటు ఎర్త్‌కి లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్చి. ఇది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. చాలా దేశాల్లో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి తెగేవి వాడతారు. ఉత్తర అమెరికాలో ఇదే పని చేసే జీఎఫ్‌సీఐలు 5 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కలే తెగుతాయి. మామూలు ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే బ్రేకరు) మిమ్మల్ని కాపాడదు, అది వైర్లని కాపాడుతుంది. ప్రతి బ్రూకి ముందు ఆర్‌సిడి మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

వైరు, ప్లగ్గు. 3000 వాట్లు 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు లాగుతాయి. గంటన్నర, రెండు గంటలు ఆగకుండా. ఈ ఆగకుండా అన్నదే ప్లగ్గులని కాల్చేది. 13 ఆంపియర్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 23 ఆంపియర్లకి 6. కంప్యూటర్లకి వాడే సీ13 కనెక్టర్ 10 ఆంపియర్లకి, 70 డిగ్రీలకి మాత్రమే. 2400 వాట్ల ఎలిమెంట్‌ని దాంతో వాడితే కొన్నాళ్లకి పిన్నుల దగ్గర గోధుమరంగుకి మాడి, కరుగుతుంది. సీ15 కూడా 10 ఆంపియర్లదే, వేడిని మాత్రం 120 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. 16 ఆంపియర్లకి సీ19, వేడి చోట అయితే సీ21. అంతకు మించితే 32 ఆంపియర్ల పారిశ్రామిక ప్లగ్గు. కెటిల్ పక్కన పీవీసీ వైరు వద్దు, సిలికాన్ లేదా రబ్బరు తొడుగుది వాడండి. వైరు కొసలకి టంకం వేసి స్క్రూ కింద బిగించకండి. టంకం ఒత్తిడికి మెల్లగా జారి స్క్రూ వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. క్రింప్ లగ్గులే వాడాలి. గోడలోని లైను, బ్రేకరు మార్చాల్సి వస్తే అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. ఏ కొలతకైనా మీరున్న చోటి విద్యుత్ నిబంధనదే చివరి మాట.

టెర్మినళ్ల మీద మూత. పొంగిన వోర్ట్ కెటిల్ గోడ మీంచి సరిగ్గా అక్కడికే కారుతుంది. అందుకని పెట్టె తల చుట్టూ పూర్తిగా మూసుకుని ఉండాలి. వైరు కింది వైపు నుంచి కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ బిగిసి తడిని ఆపే మూత) ద్వారా లోపలికి రావాలి. వైరు గ్లాండ్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వచ్చేలా పెడితే, వైరు వెంట జారే నీరు వంపు అడుగున బొట్టుగా రాలిపోతుంది. లోహపు పెట్టె అయితే దానికీ ఎర్త్.

కంట్రోలు గురించి క్లుప్తంగా చెప్తాను. వేడిని చూసుకుంటూ పవరు తగ్గించి పెంచే పిఐడి కంట్రోలర్, దాని మాట మీద కరెంటుని వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చి అయిన సాలిడ్ స్టేట్ రిలే, ఉష్ణోగ్రత కొలిచే ఒక పీటీ100 సెన్సరు, ఇవి మూలం. రిలే ప్రతి ఆంపియరుకీ సుమారు ఒక వాటు వేడి పుట్టిస్తుంది. 23 ఆంపియర్లంటే చిన్న టంకం కడ్డీ అంత వేడి. హీట్ సింక్ రెక్కలు పెట్టె బయట ఉండాలి, మధ్యలో థర్మల్ పేస్టు పూయాలి. మీద 40 అని రాసి ఉన్న చవక రిలే మీద సగానికి మించి నమ్మకం పెట్టుకోకండి. ముఖ్యంగా ఈ రిలే పాడైతే ఎక్కువగా మూసుకునే పాడవుతుంది, అంటే ఎలిమెంట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆఫ్‌లో ఉన్నా కొద్ది మిల్లీ ఆంపియర్లు కారుతూ ఉంటాయి. అందుకే దానికి ముందు రెండు తీగలనీ తెంచే కాంటాక్టరో, రెండు పోళ్ల స్విచ్చో తప్పనిసరి. మాష్‌లో పిఐడి ఆటోలో, మరుగులో మాన్యువల్‌లో. మరుగులో ఉష్ణోగ్రత పెరగదు కదా, పిఐడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మరుగు వచ్చేదాకా 100 శాతం, 95 డిగ్రీల దగ్గర నురుగు లేస్తున్నప్పుడు 50కి తగ్గించి, అది అణిగాక 60, 70 దగ్గర నిలపండి. సెన్సరు ఎలిమెంట్ పక్కన కాకుండా, పంపు తిప్పే వోర్ట్ దారిలో ఉండాలి.

మొదటి పరీక్ష. చల్లటి నీళ్లు నింపి గంటసేపు వదిలి, గ్యాస్కెట్ చుట్టూ పొడి కాగితం అద్ది చూడండి. ప్లగ్గు పెట్టకుండా టెర్మినళ్ల నుంచి కెటిల్‌కి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు), ఒక మెగాఓము పైన రావాలి. ఆ తరవాతే కరెంటు. నీళ్లతో ఒక గంట మరిగించండి, మధ్యమధ్య ప్లగ్గు తీసి, ప్లగ్గునీ, వైరునీ చేత్తో ముట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఎక్కడో కనెక్షన్ వదులు. ఖాళీ కెటిల్‌లో మాత్రం పరీక్షకైనా స్విచ్చి వెయ్యొద్దు. నీళ్లు లేని ఎలిమెంట్ క్షణాల్లో ఎర్రబడుతుంది.

సరే, ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: తక్కువ డెన్సిటీ ఎలిమెంటే పెట్టినా మాడు వస్తోందండీ. ఎందుకని?

మూడు చోట్ల చూడండి. మొదటిది, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (చిక్కటి మాల్ట్ పాకం) వేసేటప్పుడు స్విచ్చి ఆపుతున్నారా? అది బరువు, నేరుగా దిగి గొట్టం మీద కూర్చుంటుంది. స్విచ్చి ఆపి, పాకం వేసి, పూర్తిగా కలిపి, అప్పుడు మళ్లీ స్విచ్చి వెయ్యాలి. రెండోది, సంచిలో మాష్ చేసి పిండి నలకలు ఎక్కువగా జారుతున్నాయేమో. గోధుమ, రై ధాన్యం ఎక్కువున్న వంటల్లో ఇది మరీ ఎక్కువ. మాష్ మధ్యలో వేడి పెట్టాలంటే పంపు తిరుగుతూ ఉండాలి. పంపు ఆగితే ఎలిమెంట్ కూడా ఆగేలా ఫ్లో స్విచ్ పెట్టుకోండి. లేదంటే 30, 40 శాతం పవరే ఇవ్వండి. మూడోది, కిందటిసారి పొర పూర్తిగా పోలేదేమో. కనిపించీ కనిపించని సన్నటి గోధుమరంగు పొర చాలు. సోడియం పెర్‌కార్బొనేట్ కలిపిన నీళ్లని 70 డిగ్రీలకి తెచ్చి అరగంట ఉంచితే మాడు వదులుతుంది. తెల్లటి సున్నపు పొర అయితే సిట్రిక్ యాసిడ్. క్లోరిన్ బ్లీచ్ ముట్టించొద్దు, స్టెయిన్‌లెస్‌ని గుంటలు పడేలా తినేస్తుంది.

ప్రశ్న: అల్యూమినియం కెటిల్‌కి పెట్టుకోవచ్చా?

నట్ పద్ధతిలో పెట్టుకోవచ్చు. డ్రిల్ చెయ్యడం తేలిక కూడా. మెత్తని లోహం కనుక రెండు వైపులా వెడల్పు వాషర్లు వెయ్యండి. ఇప్పుడు చెప్పిన పెర్‌కార్బొనేట్ మాత్రం అందులో వాడొద్దు, క్షారం అల్యూమినియంని నల్లగా చేసి తినేస్తుంది. ఎర్త్ బోల్టు దగ్గర పైనున్న ఆక్సైడ్ పొర గీకి, అప్పుడు బిగించాలి.

ప్రశ్న: బకెట్లో వేసే ఇమ్మర్షన్ రాడ్ వేలాడేసి కాచుకుంటే చాలదా?

నీళ్లు వెచ్చబెట్టుకోవడానికి తప్ప వోర్ట్‌కి వద్దు. వాటి వాట్ డెన్సిటీ ఎక్కువ, పూత ఆహారానికి పనికొచ్చేదో కాదో తెలియదు, పైగా మరుగుతున్న కెటిల్ అంచు మీద, ఆవిరిలో, కరెంటు తల ఉంటుంది. తడి, పొడి వైపుల మధ్య గోడే లేదు అక్కడ.

ప్రశ్న: కొత్త ఎలిమెంట్ పెట్టగానే ఆర్‌సిడి తెగుతోంది. ఎలిమెంట్ పాడైనట్టేనా?

కాకపోవచ్చు. ఇందాక చెప్పిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఎక్కువ రోజులు గోదాములో ఉన్న ఎలిమెంట్‌లో, టెర్మినళ్ల దగ్గరి సీలు సరిగా లేకపోతే, ఆ తేమ వల్ల తొడుగుకి కొద్దిగా లీకేజి ఉంటుంది. ముందు కెటిల్‌కి ఎర్త్ ఉందో లేదో చూడండి, ఆర్‌సిడిని పక్కకి తప్పించి వాడే ఆలోచన అస్సలు చెయ్యకండి. ఎలిమెంట్‌ని విప్పి, ప్లాస్టిక్, రబ్బరు భాగాలు తీసేసి, ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టండి. చల్లారాక మెగ్గర్ పెట్టి చూడండి. ముందు కన్నా అంకె బాగా పెరిగి, ఒక మెగాఓము దాటితే తేమే కారణం, బిగించి వాడుకోవచ్చు. ఆరబెట్టినా అంకె కదలకపోతే, లేదా ఓములు కొన్ననాటి కాగితంలో ఉన్నదానికి భిన్నంగా వస్తే, ఎలిమెంట్ పాడైనట్టు. దాన్ని పారేసి కొత్తది పెట్టండి. కొత్తది పెట్టేటప్పుడు గ్యాస్కెట్ కూడా మార్చండి, ఒకసారి నలిగిన గ్యాస్కెట్ రెండో తలకి సరిగా కూర్చోదు.